మెయిన్ స్విచ్ మీద నిమ్మచెక్క

రెబెక్కా, వయస్సు ఇరవై తొమ్మిది సంవత్సరాలు, తండ్రి ఏలియా, తల్లి సారమ్మ, నివాసం నాచారం. ఈ పత్రం రాస్తున్న విశ్వనాథం ఆమెను పదకొండేళ్లుగా ఎరుగును. ఎరుగుట అనగా వీధిలో ఎదురుపడితే తల ఊపేపాటి పరిచయం కాదు. కోపం వచ్చినప్పుడు ఆమె ఎలా ఉంటుందో, తప్పు చేసినప్పుడు ఎలా ఉంటుందో రెండూ దగ్గరగా చూసిన ఎరుక. విద్యార్థుల రోబో పోటీల నిర్వాహక సంఘం వారు తనిఖీదారుల జాబితా నుంచి ఆమె పేరు తొలగించారు. ఆమె ఎటువంటి మనిషో, ఆనాడు ఉప్పల్‌లో ఏం జరిగిందో సంఘం కార్యదర్శి శ్రీ రామ్మోహనరావు గారికీ, సభ్యులకూ ఉన్నదున్నట్టు తెలియజేయడమే ఈ పత్రం ఉద్దేశం.

విశ్వనాథం గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. రామంతాపూర్‌లో కాపురం. ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉత్తరాల విభాగంలో ఉద్యోగం చేసి విరమించాడు. పైవారు చెప్పినదానికి శుభ్రప్రతి తీయడం అతని పని. సర్వీసు మొత్తంలో తన సొంత మాట ఒక్కటీ ఏ ఉత్తరంలోనూ చొప్పించినవాడు కాడు. కాలనీలో ఎవరికి అర్జీ కావలసినా ఇప్పటికీ అతని వరండాకే వస్తారు.

రెబెక్కా మొదటిసారి ఆ వరండా మెట్లెక్కింది ఒక కరెంటు డబ్బా కోసం. అప్పటికామె పాలిటెక్నిక్ విద్యార్థిని. నాచారంలో వారి గల్లీ మొగదల స్తంభానికి ఉన్న ఫ్యూజు డబ్బాకు తలుపు ఊడిపోయి, తీగలు పిల్లల చేతికందే ఎత్తున వేలాడుతున్నాయి. పెద్దలంతా “మనకెందుకు, వాళ్లే చూసుకుంటరు” అని తప్పుకుంటే ఈ పిల్ల అర్జీ పట్టుకుని బయలుదేరింది. విశ్వనాథం అలవాటు ప్రకారం “వీలైనచో మరమ్మతు చేయించగలరని ప్రార్థన” అని రాశాడు. ఆమె కాగితం అందుకుని, ఆ మాట మీద వేలు పెట్టింది.

“సార్, ఈ ‘వీలైనచో’ ఎందుకు?”

“అది మర్యాద అమ్మా. పై అధికారులకు రాసేటప్పుడు వాడతాం.”

“వీలైనచో అంటే వాళ్లకు వీలు గాదు సార్. పిల్లలు ఆ డబ్బా పక్కనుంచే బడికి పోతరు. తీసెయ్యుండ్రి.”

విశ్వనాథం ఆ మాట కొట్టివేశాడు. లోపలి నుంచి అతని భార్య తారామణి ఊరుకోలేదు. “పెళ్లయిన నాటి నుంచీ నేను చెప్తే ఒక్క అక్షరం కొట్టేసిన పాపాన పోలేదు. ఆ పిల్ల వచ్చి కూర్చుందో లేదో కొట్టేశారు! ఏమే పిల్లా, ఆ మంత్రమేదో నాకూ చెప్పి వెళ్లు.”

డబ్బాకు తలుపు వచ్చింది. వెంటనే రాలేదు. రెబెక్కా ఆ ఆఫీసు గుమ్మం వదలకుండా తిరిగితే వచ్చింది. ఆ తర్వాత ఆమె డిప్లొమా ముగించి, ఇంజనీరింగు చదివి, నాచారం పారిశ్రామికవాడలో కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే ఒక కర్మాగారంలో టెస్టింగ్ ఇంజనీరుగా చేరింది. ప్యానెల్ గేటు దాటే ముందు ప్రతి తీగనూ రెండు వేళ్లతో పట్టి లాగి చూస్తుంది. లాగి చూడనిదే బోల్టు బిగిసిందని ఆమె తన తండ్రి చెప్పినా నమ్మదు. ఆ తండ్రి అదే వాడలో ఫిట్టరుగా పనిచేసినవాడు. తోటివారు ఆమెను ఆటపట్టిస్తుంటారు: “రెబెక్కా పెండ్లిచూపులకు కూసుంటే పిలగాని చెయ్యి గుంజి సూస్తది, గట్టిగున్నడా లేదా అని.”

“సూస్త. ఊడొస్తే వాపస్ పంపిస్త,” అంటుంది ఆమె, చేతిలో పని ఆపకుండానే.

ఇటువంటి మనిషి పిల్లల రోబో పోటీలకు తనిఖీదారుగా రావడం సంఘం వారి అదృష్టమని విశ్వనాథం అభిప్రాయం. పోటీ సంగతి ఎరగనివారి కోసం క్లుప్తంగా: బడిపిల్లలు జట్లుగా కూడి నడిచే, ఎత్తే, విసిరే యంత్రాన్ని తయారుచేసుకు వస్తారు. అది మైదానంలోకి దిగే ముందు దాని తీగలు, బ్యాటరీ, స్విచ్చులు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేవో తనిఖీదారు చూసి, తన సంతకంతో చీటీ అంటిస్తారు. చీటీ లేని యంత్రం ఆడదు.

ఆ నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. సర్కారు బడి పిల్లలకు అది కొరుకుడుపడదు. కాబట్టి ఆదివారం ప్రార్థన ముగించుకుని రెబెక్కా నేరుగా రామంతాపూర్ వస్తుంది. ఆమె ఒక్కో నిబంధననూ విడమరచి చెబుతుంది, విశ్వనాథం దాన్ని తెలుగులో పెట్టి శుభ్రప్రతి తీస్తాడు. ఆ ప్రతులు ఉప్పల్ నుంచి జవహర్‌నగర్ దాకా బడులకు వెళ్తాయి. మొదట్లో అతడు మాటకు మాట పెట్టబోయేవాడు. ఆమె ఆపేది.

“గట్ల గాదు సార్. ముందు ఈ రూల్ దేనికి భయపడుతుందో సూడుండ్రి. అది దొరికితే రూల్ దొరికినట్టే.”

తీగ ఇంత మందం ఉండాలన్న నిబంధన వేడికి భయపడుతుంది. ఒక మోటారుకు ఒక బ్రేకరు అన్న నిబంధన, ఒకటి కాలితే పక్కది కూడా కాలుతుందని భయపడుతుంది. యంత్రపు ఇనుప చట్రానికీ కరెంటు దారికీ ఎక్కడా పొత్తు ఉండరాదన్నది అన్నిటికన్నా పిరికి నిబంధన. ఆ పొత్తు ఉందో లేదో తేల్చడానికి మీటరు పుల్ల ఒకటి చట్రానికీ, ఇంకొకటి తీగ కొసకూ ఆనించి చూస్తారు. ఈ చివరి నిబంధన దగ్గరే గొడవ పుట్టింది.

ఉప్పల్‌లో జరిగిన సంగతి రెబెక్కా చెప్పగా విన్నది. పోటీ రోజు ఉదయం రామంతాపూర్ బాలికల జట్టు రోబోను తనిఖీ చేసినది రెబెక్కాయే. తీగలన్నీ లాగి చూసింది, మీటరు పెట్టింది. అంతా సవ్యంగా ఉంది. చీటీ అంటించింది. జట్టు నాయకురాలు మనస్విని పదో తరగతి పిల్ల. ఆ పిల్ల వెనుక, కీసర నుంచి మనుమరాలి ఆట చూడవచ్చిన నాయనమ్మ దుర్గమ్మ, ఒక గుడ్డసంచి ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

మొదటి ఆట గెలిచారు. రెండో ఆటకు ముందు ముఖ్య తనిఖీదారు శ్రీ ఉమామహేశ్వర్ గారు కొన్ని రోబోలను ఆకస్మికంగా మళ్లీ పరీక్షించారు. బాలికల రోబోకు మీటరు పెడితే, చట్రంలోకి కరెంటు పోకుండా ఆపడానికి ఉండవలసిన అడ్డులో మూడో వంతు కూడా లేదు.

“పొద్దున దీన్ని పాస్ చేసింది ఎవరండీ?”

“నేనే సార్.”

“అయితే రండి, మీ పాస్ మీరే చూసుకోండి.”

రెబెక్కా వంగి చూసింది. మెయిన్ స్విచ్ బోల్టుకు ఉండవలసిన రబ్బరు తొడుగు పక్కకు తీసి ఉంది. ఆ రాగి బోల్టు మీద పసుపు నీళ్లలో తడిపిన కుంకుమ బొట్టు. స్విచ్‌కూ చట్రానికీ నడుమ సందులో, ఎర్రగా కుంకుమ అద్దిన సగం నిమ్మచెక్క. దాని రసం ధారగా చట్రం మీదికి జారి ఉంది. మన ఊళ్లో కొత్త బండి కొంటే, ఆటో రిపేరు నుంచి వస్తే, పోటీకి రోబో బయలుదేరితే జరిగేది అదే కదా!

“ఎవరు వెట్టిన్రు ఇది?”

మనస్విని తల వంచుకుంది. దుర్గమ్మ మాత్రం సంచి చంకన పెట్టుకుని ముందుకు వచ్చింది. “నేనే వెట్టిన బిడ్డా. కీసరగుట్ట కుంకుమ. పిల్లలు గెల్సిరి గద, దిష్టి తగులుతదని వెట్టిన. ఏందట? బొట్టు వెడితే గూడ బండి ఆగుతదా?”

“మరి రబ్బరు తొడుగెందుకు తీసినవ్ అవ్వా?”

“రబ్బరుకు బొట్టు వెడ్తరా ఎవలన్న? యంత్రానికి వెడ్తం గని. తొడుగుకు వెడితే దేవుడు తొడుగునే కాపాడుతడు!”

చుట్టూ మూగిన పిల్లలు గొల్లుమన్నారు. ఉమామహేశ్వర్ గారు నవ్వలేదు. ఆయన్ను తప్పుపట్టవలసిన పని లేదు. నిరుడు మరొక చోట బ్యాటరీ పొగలు కక్కితే హాలులో పిల్లలందరినీ బయటకు నడిపించినవారాయన. “ఇది నవ్వులాట కాదు. తనిఖీ అయ్యాక రోబోలో మార్పు చేశారు. ఈ జట్టును పోటీ నుంచి తీసేస్తున్నాను. తర్వాతి వాళ్లను పిలవండి.”

మనస్విని రోబో చట్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు. దుర్గమ్మ చూపు అప్పుడు రెబెక్కా మెడలోని సన్నని శిలువ గొలుసు మీద పడింది.

“పొద్దుగాల్నే సూసిన నీ మెడల సిల్వ. మా పూజ నీ కండ్లల్ల వడ్డదా బిడ్డా? అందుకే ఈ సార్‌ను తోలుకొచ్చినవా?”

ఇటు ముసలమ్మ, అటు అధికారి. అడకత్తెరలో పోకచెక్క అయింది రెబెక్కా. అయినా గొంతు తగ్గించలేదు, పెంచలేదు.

“అవ్వా, నా సిల్వ తీసి ఆ బోల్టు మీద వెట్టినా మీటరు గిట్లనే అంటది. దానికి దేవుడు తెల్వదు. తడి తెల్సు, లోహం తెల్సు. గంతే.”

అని ఉమామహేశ్వర్ గారి వైపు తిరిగింది.

“సార్, తప్పుంది. లేదంటలేను. కాని జట్టును తీసేయాలని ఏ నిబంధనల ఉంది?”

“తనిఖీ తర్వాత మార్పు చేయకూడదు. మీకు తెలీదా?”

“తెల్సు సార్. బొట్టు మార్పు గాదు, అలంకరణ. తొడుగు గూడ దానికోసమే తీసిన్రు. జెండాలు కడ్తరు, బొమ్మలు అంటిస్తరు, దానికి వేరే నిబంధన ఉంది. అలంకరణ కరెంటు దారికి తగిలితే తీసేసి మళ్ల తనిఖీ చెయ్యాలె అనుంది. తీసేయాల్సింది బొట్టును సార్, జట్టును గాదు.”

“అమ్మాయ్, ముఖ్య తనిఖీదారుగా ఏ రోబోనైనా ఆపే అధికారం నాకుంది.”

“ఉంది సార్. నిబంధన నంబరు రాసి ఆపాలె. అది గూడ పుస్తకంల ఉన్నదే. రాయుండ్రి, నేను పక్కకు జరుగుత.”

ఉమామహేశ్వర్ గారు కలం తీశారు. పుస్తకం తిరగేశారు. ఆయన ఏ పేజీ కోసం వెతికారో ఈ పత్రం రాసేవానికి తెలియదు. ఆయన నంబరు రాయలేదు. “నా బాధ్యత కాదు. ఏం జరిగినా మీదే పూచీ,” అని కలం జేబులో పెట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయారు.

“నాదే సార్,” అంది రెబెక్కా ఆయన వీపు వైపు చూస్తూ.

తర్వాత ఆమె చేసిన పనిని సంఘం వారు ధిక్కారమని పేరు పెట్టారు. ఆ ధిక్కారం ఇది. ముందుగా దుర్గమ్మను దగ్గరకు పిలిచి, “వెట్టినోళ్లే తియ్యాలె అవ్వా, మేం ముట్టం. నువ్వే తియ్యి,” అంది. దుర్గమ్మ ఒక నిమిషం బిగుసుకుని నిలబడి, తర్వాత కళ్లకద్దుకుని నిమ్మచెక్క తీసి, కొంగుతో బొట్టు తుడిచింది. పిల్లలు స్పిరిట్ గుడ్డతో బోల్టునూ, చట్రం మీది రసం చారనూ తుడిచి ఆరబెట్టారు. తొడుగు ఎక్కించారు. రెబెక్కా ప్రతి తీగనూ మళ్లీ మొదటి నుంచీ లాగి చూసింది. మీటరు పట్టి, అంకె అందరికీ కనబడేలా పైకెత్తింది. చట్రానికీ తీగకూ నడుమ పొత్తు లేశమూ లేదు. పాత చీటీ చించి, కొత్త చీటీ మీద తన పేరు పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా రాసి అంటించింది. చివరగా రోబో ముందు కట్టిన గుడ్డ పట్టీ చూపించి, “ఈడ వెట్టుకో అవ్వా. ఎంత పెద్దగనన్న వెట్టు,” అంది. దుర్గమ్మ రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది.

రోబో మైదానంలోకి దిగింది. పొగ రాలేదు. నిప్పు రాలేదు. ఆ ఆటలో వారు ఓడిపోయారు కూడా. అవతలి జట్టు వారికన్నా మెరుగ్గా ఆడింది, అంతే. బయటకు వస్తూ మనస్విని అన్న మాట మాత్రం రెబెక్కా విశ్వనాథం ఇంటికి వచ్చి రెండుసార్లు చెప్పింది: “ఓడిపోయినం అక్కా. ఆడి ఓడిపోయినం.”

కొన్నాళ్లకు సంఘం నుంచి రెబెక్కాకు ఉత్తరం వచ్చింది. పేరు తొలగించడమైనది. దానికి ఒక నమూనా జతచేసి ఉంది. “ముఖ్య తనిఖీదారుని ఆదేశమును ధిక్కరించి, నిబంధనలకు విరుద్ధముగా రోబోను అనుమతించితిని. క్షమించవలెను” అని దాని కింద సంతకం చేసి పంపితే పేరు మళ్లీ చేరుస్తారట. ఆదివారం ఆమె ఆ రెండు కాగితాలూ తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టింది. విశ్వనాథం కళ్లజోడు సవరించుకుని, కలం మూత తీసి, అలవాటుగా నమూనాకు శుభ్రప్రతి మొదలుపెట్టాడు. “ముఖ్య తనిఖీదారుని” దాకా రాశాక ఆమె గొంతు వినబడింది.

“సార్, మీరు గిది రాస్తున్నరా?”

అతడు తలెత్తాడు. “ఒక్క సంతకం అమ్మా. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? జాబితాలో ఉంటేనే కదా పిల్లలకు పనికొస్తావు.”

“ఈ సంతకం వెట్టి జాబితాల ఉంటే పిల్లలకు ఏం పనికొస్త సార్? వచ్చే పోటీల ఎవరన్న పిల్ల ‘ఏ నిబంధన సార్’ అని అడిగితే, ఈ కాయితం సూపెట్టి నోరు మూపిస్తరు. ‘మీ అక్కనే తప్పని ఒప్పుకున్నది’ అంటరు. అడగొద్దని నేనే సంతకం వెట్టినట్టు గాదా?”

విశ్వనాథం కలం కింద పెట్టాడు. ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

“నా తప్పు వేరే ఉంది. అది రాయుండ్రి, ఇప్పుడే సంతకం వెడ్త.”

“ఏమిటది?”

“పొద్దుగాల ఆ ముసలామె సంచిల నిమ్మకాయలు కనవడ్డయి. పూజ జేస్తదని నాకు ఎరికె. బోల్టు కాడ పెట్టొద్దని ఒక్క మాట జెప్తే అయిపోతుండె. మనం జెప్తే ఏమనుకుంటదో అని ఊకున్న. పానా వట్టుకున్న పిల్లలకు మస్తు జాగ్రత్తలు జెప్పిన, నిమ్మకాయ వట్టుకున్నామెకు జెప్పలే.”

కాఫీ గ్లాసులతో వచ్చిన తారామణి గుమ్మంలోనే ఆగిపోయింది. “నీకు భయమా? దసరాకి మా మిక్సీ ప్లగ్గుకి బొట్టు పెడితే, నన్ను తిట్టి మరీ తుడిచేసింది ఎవరే?”

“మీరు మనోళ్లు పెద్దమ్మా,” అంది రెబెక్కా.

విశ్వనాథం తాను మొదలుపెట్టిన శుభ్రప్రతిని నాలుగు మడతలు పెట్టి చించివేశాడు. కొత్త కాగితం మీద ఆమె చెప్పిన తప్పును ఆమె మాటల్లోనే రాశాడు. ఆమె సంతకం చేసి పంపింది. సంఘం నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: పంపిన నమూనాలో తప్ప మరే రూపంలోనూ క్షమాపణ స్వీకరింపబడదు.

అయ్యా, చేసిన తప్పును అడగకుండానే ఒప్పుకున్న మనిషిని, చేయని తప్పు ఒప్పుకోలేదని బయట నిలబెట్టారు. జాబితా నుంచి తొలగించినంత మాత్రాన ఆమె మానలేదు. ఆదివారాలు యథాప్రకారం సాగుతున్నాయి. కిందటి వారం దుర్గమ్మ కీసర నుంచి షేర్ ఆటోలు మారి వచ్చి ఈ వరండాలో కూర్చుంది. తన వల్ల ఆమె పేరు పోయిందని విని వచ్చిందట. “ఆ సార్ ఇల్లు యాడుందో జెప్పు బిడ్డా, నేనొచ్చి మాట్లాడుత,” అంది. రెబెక్కా నవ్వి, “వద్దవ్వా, వచ్చే పోటీకి మీ ఊరి పిల్లలను తోలుకరా, సాలు,” అంది. ఆ పోటీ వచ్చే నెలలో, అదే ఉప్పల్‌లో. ఆ రోజు తాను లోపలికి వస్తానని, జాబితాలో లేకపోతే ప్రేక్షకుల వరుసలో కూర్చుంటానని, ఏ జట్టునైనా నంబరు చెప్పకుండా ఆపితే అక్కడి నుంచే లేచి నంబరు అడుగుతానని ఆమె విశ్వనాథానికి ముందే చెప్పింది. అడుగుతుంది. ఈ పత్రం రాసేవానికి ఆ విషయంలో ఏ సందేహమూ లేదు.

విశ్వనాథం తన సర్వీసులో ఎన్నో విన్నపాలకు శుభ్రప్రతులు తీశాడు. తన సొంత మాటగా చిత్తు రాసినది ఇదొక్కటే. తొలి చిత్తులో కింది వాక్యం ‘వీలైనచో’ అన్న మాటతో మొదలైంది. ఆ మాట కొట్టివేయబడినది.

కావున, రెబెక్కా, తండ్రి ఏలియా, నివాసం నాచారం, అను ఆమె పేరును తనిఖీదారుల జాబితా నుంచి తొలగిస్తూ ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేసి, ఎటువంటి నమూనా సంతకమూ కోరకుండా వచ్చే పోటీకి ముందుగా ఆమె పేరును తిరిగి చేర్చవలసిందిగానూ, ఆమె స్వయంగా రాసి పంపిన తప్పొప్పుకోలును ఉన్నదున్నట్టు స్వీకరించి, పూజ చేసుకునే జట్లకు బొట్టు ఎక్కడ పెట్టవచ్చునో, ఎక్కడ పెట్టరాదో తనిఖీ బల్ల వద్దనే చెప్పే ఏర్పాటు చేయవలసిందిగానూ, ఆ మాట చెప్పే పనిని ఆమెకే అప్పగించవలసిందిగానూ కార్యదర్శి గారిని, సభ్యులను ఇందుమూలముగా కోరడమైనది.

విశ్వనాథం
రామంతాపూర్